గరుఫాలియా ఈల

మా కొండ ఊరు అనెమోరాహిలో పక్కన కూర్చున్న మనిషితో నోటితో మాట్లాడతారు, లోయ అవతల ఉన్న మనిషితో ఈలతో మాట్లాడతారు. ఉత్త సైగ ఈల కాదు, మాటకు మాట. పేర్లు, తిట్లు, బేరాలు, వెక్కిరింతలు అన్నీ అందులోనే. కేకేస్తే మా కొండ గాలికి ముక్కలైపోతుంది. ఈల మాత్రం తీగలా సాగి అవతలి గట్టుకు చేరుతుంది.

నేను కింద మైదానం నుంచి కోడలిగా వచ్చినదాన్ని. ఆ విద్య చిన్నప్పుడే నాలుకకు పట్టాలి, నాకు పట్టలేదు. వినడం కూడా అంతంతమాత్రమే. నా పేరు, "రా", "మేకలు" అంతవరకు తెలిసేది. తక్కినదంతా నాకు పిట్టల గోలే.

మా ఆయనకు వరసకు అన్న అయిన అనెస్టిస్ బావగారి భార్య గరుఫాలియా. మాది గోడకు గోడ ఇల్లు. ఊళ్ళో ఆవిడ ఈలకు సాటి లేదని ముసలివాళ్ళు సైతం ఒప్పుకునేవారు. యుద్ధం రోజుల్లో ఆవిడ మేకలు కాసే చిన్నపిల్ల. రేవు వైపు నుంచి పరాయి సిపాయిలు కొండెక్కుతుంటే, పై మేత నేల మీద నుంచి చూసి "వస్తున్నారు, బార్లీ దాచండి" అని ఈల వేసేదట. వాళ్ళు రొప్పుతూ ఊళ్ళోకి వచ్చేసరికి గాదెలు ఖాళీ, మగవాళ్ళు కొండ గుహల్లో. ఒకసారి ఒక సిపాయి ఆ పిల్ల ఈల పాటకు ముచ్చటపడి చాక్లెట్ ముక్క ఇచ్చాడట. దాన్ని బుగ్గన పెట్టుకుని, వాడి ఎదురుగానే "వీళ్ళు కొద్దిమందే, భయపడకండి" అని ఇంకో ఈల వేసిందట.

అనెస్టిస్ బావగారి మేకలు లోయ అవతలి గట్టున మేసేవి. వాళ్ళ ప్రేమ కూడా దాపరికం లేకుండా ఊరంతా విన్నదే.

"నీ మేకపోతుకి బుద్ధి లేదు, మా గట్టు మీదకొస్తోంది," అని ఈవిడ.

"దాని కాపరికే లేదు, దానికెక్కడిది?" అని ఆయన.

ఒక వేసవంతా ఇదే. కళ్ళాల దగ్గర పనిచేసేవాళ్ళు చేతులు ఆపి వినేవారట. చివరికి ఒక సాయంత్రం ఆయన, "రేపు మీ నాన్న దగ్గరికొస్తున్నా," అని ఈల వేశాడు. ఈవిడ సిగ్గుపడి ఏం చెప్పాలా అనుకుంటుండగానే, ద్రాక్షతోటలోంచి వాళ్ళ నాన్న ఈల వచ్చింది: "రేపు కుదరదు, కోతలున్నాయి. ఆదివారం రా." ఊరు ఊరంతా నవ్వింది. పెళ్ళయింది. పిల్లలు కలగలేదు. ఇద్దరికీ ఇద్దరే, మేకలు, మధ్యలో లోయ. పొద్దంతా ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ గడిపేవారు.

యాభై దాటాక ఆవిడకు చిగుళ్ళ జబ్బు పట్టుకుంది. ముందు పళ్ళు ఊగడం మొదలైంది. పట్నంలో పళ్ళ డాక్టరు అన్నీ పీకేసి కట్టుడు పళ్ళు అమర్చాడు. ఇంటికి వచ్చిన రోజు నేను ఆవిడ పెరట్లోనే ఉన్నాను. అవతలి గట్టు నుంచి ఆయన ఈల వినబడింది. ఆవిడ ముఖం వెలిగింది.

"కొత్త పళ్ళు ఎలా ఉన్నాయే, అంటున్నాడు," అని నాకు చెప్పి, గోడ దగ్గర నిలబడి, గాలి పీల్చి ఊదింది. కట్టుడు పళ్ళు పైకి లేచాయి. ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ ఊదింది. మళ్ళీ గాలే. అవతల నుంచి ఆయన మళ్ళీ ఈల వేశాడు. ఆవిడ లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ తరువాత ఆవిడ చేయని ప్రయత్నం లేదు. పళ్ళు తీసేసి ఊదింది. వేళ్ళు పెట్టుకుని ఊదింది. తిరిగి డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగితే ఆయన, "తినగలుగుతున్నారు, మాట్లాడగలుగుతున్నారు. ఇంకేం కావాలమ్మా?" అన్నాడట. ఈవిడ నమస్కారం పెట్టి వచ్చేసింది.

అప్పటి నుంచి గుడ్డలు ఆరేయడం మొదలుపెట్టింది. గోడ మీద తెల్లగుడ్డ ఉంటే భోజనానికి రమ్మని, ఎర్రగుడ్డ ఉంటే ఇంటికి ఎవరో వచ్చారని. బావగారు కాఫీకొట్టులో కూర్చుని, "ఇన్నేళ్ళకి నా ఇంట్లో ఆఖరిమాట నాదయిందిరా," అని చమత్కరించేవాడు. ఆ మాట ఈవిడ చెవిన పడితే, "ఇంటికి రానీ, ఆఖరిమాట ఎవరిదో చెప్తా," అనేది. పైకి అలా అనేది గానీ, ఆయన ఈల వినబడినప్పుడల్లా ఆవిడ పెదవులు వాటంతటవే ముడుచుకునేవి. తరువాత చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఒక ఏడాది చలికాలం చివర, వానలు విడవకుండా కురిసి తెరిపిచ్చిన రోజు. కింది ఊళ్ళో మిల్లువాళ్ళ అమ్మాయి పెళ్ళి. మా ఊరంతా ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయింది. నాకు జ్వరమొచ్చి తగ్గిన నీరసం, ఆగిపోయాను. నలుగురిలో నోరు తెరవాల్సి వస్తుందని గరుఫాలియా వెళ్ళలేదు. మేకలు ఈనే రోజులని బావగారు వెళ్ళలేదు, అవతలి గట్టున మంద దగ్గరే ఉండిపోయాడు. ఊళ్ళో మిగిలిన మరొకరు కాఫీకొట్టు లాంబ్రోస్ మావ. మోకాళ్ళ నొప్పులు, నోట్లో పళ్ళు ఎప్పుడో పోయాయి. ఊరికంతటికీ ఉన్న ఒక్క టెలిఫోను ఆయన దగ్గరే.

మధ్యాహ్నం ముందు ఆవిడ రొట్టెల పిండి పిసుకుతోంది, నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఈల వినబడింది. పిండి చేతులతోనే ఆవిడ లేచి బయటికి పరుగెత్తింది.

"ఏమైందక్కా?"

"గోడ కూలిందంట. కాలు రాళ్ళ కింద ఇరుక్కుందంట. ఎవర్నైనా పంపించు అంటున్నాడు."

మా మెట్ల పొలాలకు రాతి గోడలే ఆధారం. వానలకు నాని ఉబ్బిన గోడ ఆయన మీదికి జారింది. ఆయన ఉన్న చోటు బండ చాటున. మా ఇల్లు ఆయనకు కనబడదు, గుడ్డ ఆరేసినా లాభం లేదు.

నేను లాంబ్రోస్ మావ దగ్గరికి పోయాను. ఆయన కింది ఊరి కొట్టుకు ఫోను చేశాడు. మోగుతూనే ఉంది. అందరూ పెళ్ళి దగ్గరే కదా. పట్నం పోలీసులకు చేశాడు. పంపిస్తామన్నారు, కానీ రోడ్డు మీద బురద పడిందన్నారు. మళ్ళీ కింది ఊరికి చేశాడు. ఈలోగా నేను గుడి గంట మోగించాను. బావగారికైనా వినబడుతుంది, తనను విన్నామని తెలుస్తుంది అనుకున్నాను.

పెరట్లోకి తిరిగివచ్చేసరికి గరుఫాలియా అక్క లేదు. వాగు వైపు చూస్తే, నడుము లోతు నీళ్ళలో చెట్టు కొమ్మ పట్టుకుని నిలబడి ఉంది. వాగు ఎర్రగా పొంగుతోంది, పై నుంచి చుట్టుదారి మగవాళ్ళకే గంటల నడక. అరిచి, గొడ్డును లాగినట్టు లాగి గట్టుకు తెచ్చాను.

"వదులే నన్ను, దాటిపోతా."

"ఎక్కడికి దాటేది? నువ్వు కొట్టుకుపోతే ఆయనకి ఎవరున్నారు?"

ఆవిడ బట్టలు పిండుకోకుండానే చెవి అటు పెట్టింది.

"గంట ఎవరికే, ఎవరు పోయారు, అని అడుగుతున్నాడు." మా ఊళ్ళో ఎవరైనా పోయినా ఆ గంటే కొడతారు.

అప్పుడు ఆవిడ నా దవడ పట్టుకుంది. తన పళ్ళసెట్టు తీసి ఆప్రాన్ జేబులో వేసుకుంది. "నువ్వు వెయ్యి. నీకు పళ్ళున్నాయి. నాలుక కింది పళ్ళకి ఆనించు. అలా కాదే, వెడల్పుగా. 'వస్తున్నారు' అను. ఆ మాటొక్కటి చాలు."

ఊదాను. కీచుమంది. ఆవిడ వేలితో నా నాలుక సర్ది పెట్టింది. మళ్ళీ ఊదాను. పెదవులు పగిలి ఉప్పగా తగిలే దాకా ఊదాను. ఒకసారి నిజంగానే గట్టిగా ఈల వచ్చింది, లోయ అవతలికి పోయింది. అటు నుంచి జవాబు వచ్చింది.

గరుఫాలియా నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. "ఎవరది, మైదానం పిల్లేనా, నోట్లో తేనెటీగ కుట్టిందా, అంటున్నాడు."

నాకూ నవ్వొచ్చింది. అంత కష్టంలో ఉన్న మనిషి ఆ మాట అన్నాడు.

వెంటనే ఇంకో ఈల. ఆవిడ ముఖం వాలిపోయింది. "అర్థం కాలేదమ్మా, మళ్ళీ చెప్పు, అంటున్నాడు."

మళ్ళీ చెప్పాను. ఎన్నిసార్లు ఊదినా అది మాట కాలేదు. తల తిరిగి కూలబడ్డాను. ఆవిడ నా పక్కన కూర్చుంది. అవతల నుంచి ఏం వచ్చినా పైకి చెప్పడం మానలేదు. చలేస్తోంది అంటున్నాడు. గోధుమరంగు మేక ఈనేలా ఉంది, లోపల కట్టెయ్యమంటున్నాడు. ఉన్నావా అంటున్నాడు. ఉన్నావా అంటున్నాడు. ప్రతిసారీ ఆవిడ "ఉన్నా, ఇక్కడే ఉన్నా," అని మామూలు గొంతుతో అనేది. ఆ మాట పెరటి గోడ కూడా దాటేది కాదు.

ఈలల మధ్య ఎడం పెరిగింది. చాలాసేపటికి ఒకటి సన్నగా వచ్చింది.

"ఇప్పుడేమంటున్నాడక్కా?"

"ఏం అనట్లేదే. మాటల్లేవు. ఊరికే ఈల వేస్తున్నాడు."

లాంబ్రోస్ మావ ఫోను ఎట్టకేలకు ఎవరో ఎత్తారు. పెళ్ళి బట్టల్లోనే మగవాళ్ళంతా ట్రక్కులో వచ్చారు. బురద దగ్గర దిగి నడిచారు. వాగు దాటే వీల్లేక పై నుంచి చుట్టు తిరిగి వెళ్ళారు. దారి మలుపు దగ్గర మా ఆయన "వస్తున్నాం" అని వేసిన ఈల నాకు కూడా అర్థమైంది. గరుఫాలియా లేచి నిలబడి జవాబు కోసం చూసింది. రాలేదు.

రాళ్ళు తీసేసరికి ఆయనలో ఊపిరి ఉంది. కంబళిలో మోసుకొచ్చి ట్రక్కులో పడుకోబెట్టారు. ఆవిడ ట్రక్కెక్కి ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. దారంతా ఆయన జుట్టులో మట్టి తీస్తూ కూర్చుందని మా ఆయన చెప్పాడు. పట్నం దీపాలు కనబడక ముందే ప్రాణం పోయింది.

నలభయ్యో రోజున ఆయన పేరు మీద గుడి దగ్గర ఉడకబెట్టిన గోధుమలు పంచాం. మా ఆయన, మరికొందరు కలిసి ఆ గోడను తిరిగి కట్టారు. మేకలు అమ్మేయమని అందరూ చెప్పినా ఆవిడ అమ్మలేదు. అవతలి గట్టుకు మాత్రం తోలలేదు. ఈ వైపే, ఇంటి వెనక రాళ్ళలో మేపుకునేది. అవతలి గట్టున వేరే కాపరి ఎవరైనా ఈల వేస్తే పని ఆపి వినేది. వాళ్ళు దేని గురించి మాట్లాడుకుంటున్నారో నాకు చెప్పేది కాదు, నేనూ అడిగేదాన్ని కాదు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున పాలు పితకడానికి కూర్చోబోతూ నా వైపు తిరిగింది.

"వస్తున్నారని ఆయనకి అర్థమైందంటావా?"

"అర్థమయ్యే ఉంటుందక్కా. మనం ఏదో చెప్తున్నామని తెలిసింది కదా."

"నీకేం తెలుసు," అంది. కోపంగా కాదు. "నీకు ఆ ఈలలో మాట వినబడితే కదా."

మేక కాలు పక్కకు జరిపి, చెంబు కింద పెట్టి, పాలు పితకడం మొదలుపెట్టింది.