ఆవు నాకిన నెమలి

పుంగనూరుకు ఇవతల, పలమనేరు రోడ్డు మీదున్న పల్లెలో ఆవుల్ని మేపుకుంటూ బతికిన నాగరత్నమ్మకు, యాభై ఎనిమిదో ఏట పట్టు స్కార్ఫు మీద బొమ్మ వెయ్యాలని బుద్ధి పుట్టింది. దీనికంతటికీ కారణం వియ్యపురాలు కుమారి. ఆమె రామకుప్పం నుంచి వచ్చినప్పుడల్లా చేత్తో అల్లినది ఏదో ఒకటి తెచ్చేది. ఒకసారి ఊలు టోపీ, ఒకసారి టీవీకి ముసుగు, పోయిన నెల గ్యాసు సిలిండరుకు గౌను. ఆ గౌను చూశాక నాగరత్నమ్మకు నిద్ర పట్టలేదు.

కోడలు సింధూజ ఫోనులో వీడియో చూపించింది. మదనపల్లె నుంచి తెల్ల పట్టుగుడ్డ, రంగుల సీసాలు వచ్చాయి. పాత మంచానికి నవారు విప్పేసి, ఆ చట్రానికి గుడ్డను పిన్నులతో బిగించి వసారాలో కూర్చుంది నాగరత్నమ్మ. రంగు పక్కకు పాకకుండా ముందు జిగురుతో గీతలు గియ్యాలి. ముప్పై ఏళ్లు పాలు పితికిన చెయ్యి కదా, జిగురు గొట్టాన్ని కూడా అలాగే పిండింది. నెమలి మెడ ఉండాల్సిన చోట ముద్ద పడింది.

మొగుడు గంగాధరం తొంగి చూశాడు. "కోడి బాగుండాది మే."

"కోడి కాదప్పా, నెమలి!"

"అట్లయితే తోక యాడ?"

"ఇంకా ఎయ్యలా. నువ్వు పొయ్యి కాఫీ తాగుపో."

తోక నిజంగానే బాగా వచ్చింది. తడి రంగు మీద రాళ్లుప్పు చల్లితే పువ్వుల్లాంటి మచ్చలు తేలతాయని వీడియోలో చెప్పారు. గుప్పెడు చల్లి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పొట్టి ఆవు గౌరి తాడు తెంచుకొచ్చి, ఉప్పుతో పాటు తోకనంతా శుభ్రంగా నాకేసింది. దాని నాలుక నీలంగా వేలాడుతోంది.

"నీ జిమ్మడా!" అని అరిచింది నాగరత్నమ్మ.

గంగాధరం పశువుల డాక్టరు పురుషోత్తానికి ఫోను చేశాడు.

"మేత తింటాందా?" అని అడిగాడు డాక్టరు.

"నా పంచె గూడా తింటాంది సార్!"

"అయితే ఏం కాదులే. నోరు కడిగి, నీళ్లు బాగా తాపండి. రెండు రోజులు పాలు మాత్రం వాడొద్దు."

ఈ మాట ఊళ్లోకి వెళ్లేసరికి 'గౌరి నీలం పాలిస్తాంది' అయింది. సాయంత్రానికి పదకొండు మంది ఫోన్లు పట్టుకుని కొట్టం ముందు నిలబడ్డారు. నాగరత్నమ్మ పాలు పితికింది. తెల్లగానే పడ్డాయి.

"ఇంతేనా?" అన్నాడు పక్కింటి తిమ్మప్ప. "దీనికా నేను టమోటాలకు నీళ్లు కట్టేది ఆపి వచ్చింది!"

గుడ్డను పారేస్తానంది నాగరత్నమ్మ. సింధూజ ఒప్పుకోలేదు. రంగు నిలవాలని దాన్ని కాగితంలో చుట్టి పాత గిన్నెలో ఆవిరి పట్టింది. ఇడ్లీలనుకుని గంగాధరం రెండుసార్లు మూత తీశాడు.

ఆ ఆదివారం నాగరత్నమ్మ స్కార్ఫు తీసుకుని రామకుప్పం వెళ్లింది. కుమారి దాన్ని విప్పి చాలాసేపు చూసింది.

"వదినా, ఏనుగును ఎంత బాగా ఏసినావు!" అంది కుమారి. "ఈ తొండం సూడు! మొన్న అడివిలోంచి వచ్చి మా రాగిచేన్లో పడింది ఇదే!"

నాగరత్నమ్మ వంగి చూసింది. ముద్ద తలకాయలా ఉంది. గౌరి నాకిన మరక తొండంలా వంగి ఉంది.

"అవును వదినా," అంది తల పైకెత్తి. "మీ ఊరోళ్లకని ఏనుగే ఏసినా."

కుమారి దాన్ని మెడలో వేసుకుని వీధంతా తిరిగొచ్చింది.

తిరుగు బస్సులో నాగరత్నమ్మకు నవ్వు ఆగలేదు. యాల నవ్వుతాండావమ్మా అని కండక్టరు అడిగాడు. పలమనేరు దాటినప్పటి నుంచీ, సిలిండరు గౌను మొదలుకుని అంతా చెబుతూనే ఉంది. ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగి విన్నారు. ఆమె దిగాల్సిన స్టాపు ఎప్పుడు దాటిపోయిందో ఆమెకూ తెలియలేదు, కండక్టరుకూ తెలియలేదు. పుంగనూరు బస్టాండులో దిగి, బండి తీసుకుని రమ్మని గంగాధరానికి ఫోను చేసింది.