సముద్రపు తొట్టెకి వడపోత

శ్రీకాకుళం బజారులో నగరేశ్వరరావుది అద్దాలు, లాంతర్ల కొట్టు. వెనకే ఇల్లు. ఆ ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా ఎత్తరు. అలాంటి మనిషి స్వరాజ్యం వచ్చిన ఏడాది వేసవిలో మద్రాసు వెళ్ళి, తను సరుకు కొనే ఆసామి హాల్లో గాజు తొట్టె నిండా సముద్రపు చేపల్ని చూశాడు. వచ్చినవాళ్ళంతా ముందు చేపల్ని చూసి, ఆ తర్వాత ఆసామికి రెండు చేతులా నమస్కారం పెడుతున్నారు. అది అతని మనసులో నాటుకుపోయింది.

అద్దాలు సొంత కొట్లోనే ఉన్నాయి. టేకు చట్రం బిగించి, దసరా నాటికి తొట్టె కొట్టు ముందుగదిలో పెట్టించాడు. సముద్రపొడ్డున కళ్ళేపల్లి ఊరినుంచి వచ్చి ఆ వీధిలో చేపలమ్మే గున్నమ్మ బండి మీద నాలుగు పీపాల సముద్రపు నీళ్ళు, కుండలో ఆరు చారల చేపపిల్లలు తెచ్చి పోసింది.

"సిన్న రొయ్యపొట్టు ఏయండి బాబూ, బతుకుతాయి," అంది.

లోపల్నుంచి అతని భార్య సూర్యకాంతం విని, "మన గడపలో ఉన్నంతకాలం మన తిండే తినాలి," అని శనగపిండి పంపించింది.

మూడోనాటికి నీళ్ళు విరిగిన పాలలా అయ్యాయి. ఒక చేప వెల్లకిలా తేలింది. బేరానికి వచ్చినవాళ్ళు కండువాతో ముక్కు మూసుకుని, లాంతరు చూడకుండానే వెళ్ళిపోయారు. నీళ్ళకి వడపోత కావాలని అప్పుడు తేలింది.

సలహాలకి కరువేటి? ఎదురింటి ఖద్దరు నరసింగరావు వచ్చి, "స్వరాజ్యం వచ్చిందండీ! ఇంకా సీమ యంత్రాలా? పొందూరు సన్నబట్ట నాలుగు మడతలు వేసి వడకట్టండి," అన్నాడు.

నెల్లిమర్ల జనపమిల్లులో ఫిట్టరుగా ఉన్న బావమరిది రంగనాథం నవ్వాడు. "వడకట్టడానికి అది మజ్జిగేటి బావా? మూడు కుండలు కట్టు. గులకరాళ్ళు, ఇసుక, బొగ్గు. మిల్లు బొగ్గు నేనే తెస్తాను."

నగరేశ్వరరావు మనసు మాత్రం మద్రాసు కంపెనీ ధరల పుస్తకంలోని, నీళ్ళు తిప్పి వడపోసే కరెంటు మోటారు మీద ఉంది. బొమ్మలో దాని పక్కన ఒక దొర టోపీ పట్టుకుని నవ్వుతున్నాడు. వచ్చిన చిక్కల్లా వాళ్ళ వీధికి కరెంటు లేకపోవడమే. స్తంభాలు పాతారు. తీగ రావాలి.

ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక మూడింటికీ సరే అన్నాడు. మోటారు కోసం ఉత్తరం రాసి, ముందు బట్ట కట్టించాడు. గంటలో శనగపిండి పట్టుకుని, చుక్క దిగడం మానేసింది. "బట్టలో లోపం లేదండీ, నీళ్ళలోనే నిష్ఠ లేదు," అన్నాడు నరసింగరావు. తర్వాత కుండలెక్కాయి. మిల్లు బొగ్గు మీదుగా దిగిన నీళ్ళు సిరా అయ్యాయి. ఆ సిరాలో ఇంకో రెండు చేపలు పోయాయి. "ముందు రంగు దిగుతాది, తర్వాత తేరుకుంటాది," అన్నాడు రంగనాథం, మిల్లుకి వెళ్ళే తొందరలో.

మర్నాడు గున్నమ్మ బుట్ట వీధిలోనే దించి, లోపలికి తొంగి చూసింది.

"సావుకారు బాబూ, పెంచుతన్నారా, సంపుతన్నారా?"

"నీకేటి తెలుసే? ఇది వడపోత శాస్త్రం."

"నాకు తెల్దు బాబూ. పీతల్ని పేణాలతో సంతకి తేవాలంటే మేం ఏటి సేస్తామో అది సెప్తాను. ఆ పిండి మానండి. బొగ్గు పారేయండి. మా ఒడ్డు ఇసక, గవ్వముక్కలున్నది, తెస్తాను. కుండకి బెజ్జం పెట్టి నీళ్ళు సుక్కసుక్కగా దిగనీండి. వారానికోపాలి సగం నీళ్ళు మార్చండి."

నగరేశ్వరరావు పెద్దమనుషుల్ని ఓమాటు అడగాలన్నాడు. వాసన భరించలేని సూర్యకాంతం తలుపు చాటునుంచి, "అలాగే చెయ్యవే గున్నమ్మా," అనేసింది.

రెండు వారాల్లో నీళ్ళు తేటబడ్డాయి. మిగిలిన మూడు చేపలూ చురుగ్గా తిరిగాయి. సూర్యకాంతం మొదట్లో మొహం తిప్పుకుని, తర్వాత తిప్పుకోకుండా, పట్టకారుతో రొయ్యపొట్టు వేయడం నేర్చుకుంది.

పుష్యమాసంలో మోటారు దిగింది. కరెంటు తీగ ఇంకా రాలేదు. నగరేశ్వరరావు దానికి బొట్టు పెట్టి, ఎర్రగుడ్డ పరిచి తొట్టె పక్కన కూర్చోబెట్టాడు. చూడవచ్చిన ఒక వకీలుగారు చెవి ఆనించి, "ఎంత నిశ్శబ్దంగా తిరుగుతోందండీ! దొరల పనితనమే వేరు," అన్నాడు. నగరేశ్వరరావు కాదనలేదు. ఇసుక కింద ఉన్నది ఖద్దరేనని నరసింగరావు, ఆ కుండలు తనవేనని రంగనాథం, దొరికినవాళ్ళకల్లా చెప్పుకున్నారు.

ఓ రోజు హైస్కూలు సైన్సు మేష్టారు భీమశంకరరావు పిల్లల్ని తీసుకొచ్చాడు. కుండల్ని పరీక్షగా చూసి, నోటుబుక్కు తీసి, "ఈ ఏర్పాటు ఎవరిదండీ?" అని అడిగాడు. నగరేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు.

"కళ్ళేపల్లి గున్నమ్మదండీ," అంది సూర్యకాంతం తలుపు చాటునుంచి. పరాయి మగవాళ్ళకి ఆవిడ జవాబు చెప్పడం, కాపరానికి వచ్చిన ఇరవయ్యేళ్ళలో అదే మొదలు.

నగరేశ్వరరావు వెంటనే, "ఆఁ, గున్నమ్మే. నేను దగ్గరుండి చేయించాను," అన్నాడు.

"ఆమె ఇంటిపేరేమిటి?" అన్నాడు మేష్టారు, రాస్తూ.

పన్నెండేళ్ళుగా ఆ వీధిలో ఆమె కేక విననివాళ్ళు లేరు. ఇంటిపేరు మాత్రం ఎవరికీ తెలియదు. మర్నాడు గున్నమ్మ రాగానే నగరేశ్వరరావు అడిగాడు.

"ఏటికి బాబూ? పోలీసోలేటి?"

"కాదే, మేష్టారు పుస్తకంలో రాసుకుంటారట."

"అయితే ఒద్దులెండి. మా పేరు పుస్తకానికెక్కితే అప్పుకో, కేసుకో," అని, కుండలో పాత ఇసుక తీసి కొత్తది పోసి, గున్నమ్మ బుట్ట నెత్తికెత్తుకుంది.