నాలుక రంగు చూసిన పొరుగింటావిడ

డెబ్బైల చివర్లో మేము న్యూజెర్సీలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండేవాళ్లం. పెళ్లై ఏడాదిన్నర. మా ఆయన మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేవారు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చుగానీ, ఫోన్లో ఎవరైనా గబగబా మాట్లాడితే చేతులకు చెమటలు పట్టేవి.

ఆ చలికాలం ఆయనకి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. డాక్టర్ న్యుమోనియా అని మాత్రలిచ్చి ఇంటికి పంపారు. మూడు రోజులు ఒకటే ఆయాసం, నా మీద చిరాకు. "కిటికీ తెరువు" అంటారు. తెరిస్తే "చలి, ముయ్యి" అంటారు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆ గొడవంతా ఆగిపోయింది. కుర్చీలోనే తల వాల్చి నిద్రపోయారు. హమ్మయ్య, తగ్గుముఖం పట్టింది అనుకుని మిరియాల చారు పెట్టాను.

తాగమని లేపితే కళ్లు సగం తెరిచి, "బస్సు వచ్చిందా?" అన్నారు.

"ఏ బస్సండీ?"

"తెనాలి బస్సు" అని మళ్లీ కళ్లు మూసుకున్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కింది ఫ్లాట్‌లో ఒక నల్లజాతి ఆవిడ ఉండేది. యాభై ఏళ్లుంటాయేమో. హాస్పిటల్లో ఊపిరాడని రోగులకి ఆక్సిజన్ పెట్టడం, మిషన్లు చూసుకోవడం ఆవిడ ఉద్యోగం. మా ఉత్తరాలు పొరపాటున తన డబ్బాలో పడితే తెచ్చిచ్చేది, అంతే పరిచయం. ఆ రోజూ అందుకే వచ్చి, గుమ్మంలోంచే ఆయన్ని చూసింది.

"ఎంతసేపట్నించి ఇలా ఉన్నాడు?"

"ఇప్పుడే నిద్రపట్టింది" అన్నాను.

అడక్కుండానే లోపలికొచ్చింది. ఆయన చొక్కా పైకెత్తి పొట్ట ఎలా కదులుతోందో చూసింది. కింది పెదవి వంచి, నాలుక చాపించి, "మన రంగువాళ్లకి ఒళ్లు నీలంగా మారినా ముఖంలో అంత తెలీదమ్మాయ్, ఇక్కడ చూడాలి" అని నాకు చూపించింది. నేరేడుపళ్లు తిన్నట్టుంది నాలుక.

"ఇది నిద్ర కాదు. ఊపిరి తీసీ తీసీ అలిసిపోయాడు. రక్తంలో ఆక్సిజన్ చాలక మగతలోకి పోతున్నాడు" అంటూనే ఫోనందుకుని అంబులెన్స్‌ని పిలిచింది.

ఆవిడ పనిచేసే హాస్పిటల్‌కే తీసుకెళ్లారు. అక్కడ ఆయన మణికట్టు దగ్గర ఆక్సిజన్ పరీక్షకి రక్తం తీసి, పాడవకుండా ఆ సిరంజిని ఐసు ముక్కలున్న కాగితం కప్పులో పెట్టుకుని ఒక నర్సు పరిగెత్తడం చూశాను. కాసేపటికి గొంతులోకి గొట్టం వేసి మిషన్‌కి తగిలించారు. నేను గోడకి ఆనుకుని ఏడుస్తుంటే పొరుగింటావిడ పక్కన నిలబడి చెప్పింది: "మిషన్ జబ్బు తగ్గించదు. మందులు పనిచేసేదాకా అతని బదులు ఊపిరి తీస్తుంది. కాస్త విశ్రాంతి తీసుకోనీ."

ఆరు రోజులు పట్టింది. రోజూ తన కార్లో నన్ను తీసుకెళ్లింది. డ్యూటీ మధ్యలో వచ్చి, రక్తపరీక్షలో ఆక్సిజన్ ఎంత పెరిగిందో నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పేది. ఏడో రోజు గొట్టం తీశారు. ఆయన బొంగురుగొంతుతో అడిగిన మొదటి మాట, "నువ్వు తిన్నావా?"

ఇంటికొచ్చాక కొన్నాళ్లకి ఆవిణ్ని భోజనానికి పిలిచాం. మా ఆయన రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టారు. ఆవిడ ఆ చేతులు పట్టుకుని, అలవాటుగా గోళ్ల రంగు చూసి, బాగున్నాయని తలూపి, పులిహోర ఇంకాస్త వడ్డించుకుంది.