సీలు విప్పని రికార్డులు

మా ఆయనకి రికార్డుల పిచ్చి ఉందని పెళ్లిచూపుల నాడే చెప్పారు. పాటలంటే ఇష్టమున్న మనిషి దొరికాడని నేను సంబరపడ్డాను. పాటల పిచ్చి వేరు, రికార్డుల పిచ్చి వేరు అని ఆ రోజు నాకెవరూ చెప్పలేదు.

తొంభైల మొదట్లో ఆయనకి శంషాబాద్ బ్యాంకుకి బదిలీ అయింది. నాకూ అక్కడే ఒక స్కూల్లో టీచరు ఉద్యోగం దొరికింది. బెంగళూరు రోడ్డుకి కాస్త లోపలగా, ఒక రైతు కుటుంబం ఇంటి మేడమీద వాటాలో కిరాయికి దిగాం. రెండు గదులూ ఒక వంటిల్లూ. అందులో ఒక గది మాది, ఇంకొకటి రికార్డులది.

అప్పుడు ఎవరింట్లో చూసినా క్యాసెట్లే. కోఠీలో, సుల్తాన్ బజార్‌లో ఎల్పీ రికార్డులమ్మే దుకాణాలవాళ్లు పాత సరుకు వదిలించుకుంటున్నారు. ఈయన శనివారం బ్యాంకు మూయగానే బస్సెక్కి వెళ్లి, చంకలో నాలుగైదు రికార్డులతో తిరిగొచ్చేవారు. అన్నీ కొత్తవి. కవరు మీద ప్లాస్టిక్ పొర బిగించి సీలు వేసినవి. వాటిని మెత్తటి గుడ్డతో తుడిచి, బీరువాలో పుస్తకాల్లాగా నిలబెట్టి, తాళం వేసేవారు. అంతే. ఇక అవి మోగవు.

"ఒకటి పెట్టండి, విందాం" అంటే, ఏదో పసిబిడ్డని గిల్లమన్నట్టు చూసేవారు.

"సీలు తీస్తే అది మామూలు రికార్డైపోతుంది" అనేవారు.

"మామూలు రికార్డైతే ఏం? మామూలుగా వింటాం."

"నీకర్థం కాదు. వినడం ఎప్పుడైనా వినొచ్చు. విప్పడం మాత్రం ఒక్కసారే."

ఆ ఎప్పుడైనా అన్నది ఎప్పుడో మాత్రం చెప్పేవారు కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా జీతంతో కొనుక్కున్న రికార్డ్ ప్లేయర్ ఒకటి ఇంట్లో ఉండేది. దాని మీద వేసుకోవడానికి నా పుట్టింటి నుంచి తెచ్చుకున్న గీతలు పడ్డ పాత రికార్డులు తప్ప ఏమీ లేవు. బీరువా నిండా సంగీతం పెట్టుకుని, అరిగిపోయిన అవే పాటల్ని వింటూ కూరలు తరుక్కునేదాన్ని.

ఎండాకాలం వచ్చిందంటే నా ఒళ్లు మండిపోయేది, రెండు విధాలా. మేడమీద గదులు పెనంలా కాలేవి. ఒక కూలర్ కొన్నారు. తీసుకెళ్లి రికార్డుల గదిలో పెట్టారు. వారం తిరక్కుండానే చెమ్మకి అట్టలు పాడవుతాయేమోనని అనుమానం వచ్చి ఆపేశారు. పోనీ మా గదిలోకి తెద్దామంటే, "ఆ చెమ్మ తలుపు కింద నుంచి అటు పోతుంది" అన్నారు. అలా కూలర్ వాటికీ లేదు, మాకూ లేదు.

కింద ఇంటావిడ నా కంటే పదేళ్లు పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అనేది. దగ్గర్లోని మంఖాల్ అనే ఊరి ఆడపడుచు. పొద్దున్నే పొలం పోయి, మధ్యాహ్నానికి వచ్చి, ఎండుమిరపకాయలు ఆరబెట్టుకునే వంకతో మేడెక్కి నాతో కబుర్లు చెప్పేది. ఒక ఆదివారం అలా వచ్చేసరికి, ఈయన బీరువాలోని సరుకంతా మంచం మీద పరిచి దుమ్ము దులుపుతున్నారు. ఆవిడ గుమ్మంలోనే ఆగి చూస్తూ చూస్తూ, ఒక రికార్డు దగ్గర కళ్లు ఆపేసింది.

"సారూ, గది జర ఇటియ్యరాదు."

ఈయన ఇవ్వలేదు. చేతిలోనే పట్టుకుని దూరం నుంచి చూపించారు. పల్లెటూరి భజన బృందం రికార్డది. కవరు మీద తలపాగాలు చుట్టుకుని, చేతుల్లో తాళం వేసే చెక్క చిరుతలు పట్టుకుని పదిమంది దాకా మగవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. ఎవరి పేర్లూ లేవు.

ఆవిడ వంగి, ప్లాస్టిక్ మీద వేలు పెట్టబోయి ఆగింది. "ఈ కొసకున్నాయన మా బాపు" అంది.

ఆవిడే చెప్పింది. వాళ్ల నాన్న మంఖాల్‌లో భజన చేసేవాడు. ఒకసారి ఆ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లందరినీ పట్నం తీసుకుపోయి, పాడించి రికార్డు చేశారు. ఆ తర్వాత ఎవరూ వీళ్లకి దాన్ని పంపలేదు. ఎవరూ అడగలేదు కూడా.

"ఒక్కపారి విన్న, మా ఊళ్లె పెండ్లిల, మైకుల పెట్టిండ్రు. వంట కాడ ఉంటి, సక్కగ వినలే. మల్ల వింట తియ్యి అనుకున్న. బాపు పోయి గిప్పటికి శానేండ్లాయె. ఫోటో ఉంది ఇంట్ల. గొంతే లేదు." ఈయన వైపు తిరిగి, "జర పెట్టుండ్రి సారూ, వింట" అంది.

మా ఆయన ఏమన్నారో చెబితే నమ్మరు. "అమ్మా, ఇది సీలు తీయనిది" అన్నారు.

"తియ్యిండ్రి మరి."

"తీయకూడదమ్మా."

ఆవిడకి అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను ఎటు చూడాలో తెలియక మిరపకాయల వైపు చూశాను. "కానియ్యి తియ్యి" అని దిగిపోయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో యుద్ధమే. నేను తిట్టాను, బతిమాలాను, మాట్లాడ్డం మానేశాను. ఆయన మొండితనం ఎలా ఉండేదంటే, గొడవ పెట్టుకోరు, కాదని కూడా అనరు. పరిష్కారాలు వెతుకుతారు. "ఇంకో కాపీ దొరికితే అది విప్పుదాం" అన్నారు. రెండు శనివారాలు కోఠీ అంతా తిరిగి ఉత్తి చేతులతో వచ్చారు. ఇంకో కాపీ లేదని తేలాక ఈ ఉన్నది మరీ అపురూపమైపోయింది. ఆ తర్వాత ఒక సాయంత్రం ఉత్సాహంగా వచ్చి, "కవరుని జిరాక్స్ తీయించి ఆవిడకిద్దాం, వాళ్ల నాన్న బొమ్మ ఉంటుందిగా" అన్నారు.

"ఆవిడ అడిగింది బొమ్మ కాదండీ. గొంతు."

"అది లోపల భద్రంగానే ఉందిగా."

"భద్రంగా ఉండి ఎవరికండీ? దేనికండీ?"

జవాబు లేనంత మాత్రాన మనసు మార్చుకోవాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

చివరికి ఆయన్ని కదిలించింది నేను కాదు. కింద ఇంటావిడ మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. అద్దెకున్నవాళ్లమీద ఇంటివాళ్లకి ఉండే అధికారం చూపించలేదు. ఎప్పటిలాగే కొత్తిమీర కట్టలూ, అనపకాయలూ పంపేది. మెట్ల మీద ఎదురైతే "మంచిగున్నరా సారూ" అనేది. ఆ కొత్తిమీర ఆయన గొంతు దిగలేదనుకుంటాను. ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని, "రేపు ఆదివారం. ఆవిణ్ణి రమ్మను" అన్నారు.

మర్నాడు ఆవిడ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, పండక్కి కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. ఈయన కూడా స్నానం చేశారు. బల్ల మీద తువ్వాలు పరిచారు. కొత్త బ్లేడు తీసి, ప్లాస్టిక్ పొర అంచు మీద ఒక పక్కగా, చీమ నడిచినంత నెమ్మదిగా కోశారు. లోపల్నుంచి కొత్త అట్ట వాసన వచ్చింది. నల్లగా మెరుస్తున్న రికార్డుని అంచులు పట్టుకుని తీసి, ప్లేయర్ మీద పెట్టి, ముల్లు దించారు. ఇంటావిడ నేలమీద కూర్చుని కళ్లు మూసుకుంది.

ముందు నిశ్శబ్దం. తర్వాత ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో అచ్చుల్ని ఎలా పలకాలో చెప్పడం మొదలుపెట్టాడు.

ఒక మాట ఆయన అంటాడు, కాసేపు ఆగుతాడు, మనం తిరిగి అనాలి. ఆయన రెండో మాట అన్నాడు. ఇంటావిడ కళ్లు తెరిచి, "గీయన మా బాపు కాదు" అంది.

అప్పుడు చూశాం. రికార్డు మధ్యలో అంటించిన కాగితం మీద ఇంగ్లీషు ఉచ్చారణ పాఠాలని రాసి ఉంది. రికార్డులు తయారుచేసిన చోట ఎవరో పొరపాటున ఒక కవరులో ఇంకొక రికార్డు పెట్టి సీలేశారు. ఇన్నాళ్లూ మా ఇంట్లో బీరువాలో పెట్టి, గుడ్డతో తుడిచి, కూలర్ పెట్టి, తాళం వేసి ఆయన కాపాడింది ఆ అచ్చుల్ని.

నాకు ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ వచ్చాయి. ఈయన మొహం పాలిపోయింది. పాపం అనిపించింది. ఆ జాలిని ఆయన ఎంతోసేపు నిలవనివ్వలేదు. కాసేపటికి ఆయన కళ్లలో వెలుగు వచ్చింది.

"ఇలాంటి తప్పు ఇంకెక్కడా జరిగి ఉండదు తెలుసా? ఇది మామూలు దానికంటే అపురూపం! మళ్లీ పాలిథిన్ వేసి, కొవ్వొత్తితో అంచులు అతికిస్తే..."

నా చేతిలో ఏముందో నాకు గుర్తులేదు. గట్టిగా బల్లమీద పెట్టాను. ఆయన మాట్లాడ్డం ఆపారు.

ఇంటావిడ లేచి కొంగు దులుపుకుంటోంది. "అక్కా, ఆ పెళ్లిలో మైకు పెట్టిందెవరు?" అని అడిగాను.

"కందుకూరాయన. మైక్ సెట్టు దుకానం ఉండె. ఇప్పుడున్నదో లేదో."

మరుసటి ఆదివారం ముగ్గురం మహేశ్వరం మీదుగా బస్సులో కందుకూరు వెళ్లాం. మీరూ వస్తారా అని నేను ఈయన్ని అడగలేదు, ఆయనే తయారయ్యారు. రికార్డులున్న దుకాణం అంటే ఆయన కాలు ఇంట్లో నిలవదు. శ్రీశైలం రోడ్డు పక్కనే దుకాణం ఉంది. ముందు క్యాసెట్లు వేలాడుతున్నాయి. లోపల మైకు గొట్టాలు, వైర్ల చుట్టలు, పెళ్లి పందిళ్ల రంగు బల్బులు. ఒక మూల గోనెసంచి కప్పి రికార్డుల కుప్ప. కవర్లు లేవు. ఒకదాని మీద ఒకటి, దోసెల్లా.

మా ఆయన ఆ కుప్పని చూసి "అయ్యో, అయ్యో" అన్నారు. బల్లి చచ్చిపడి ఉన్న రికార్డు ఒకటి తీసి, జేబురుమాలుతో తుడవడం మొదలుపెట్టారు.

దుకాణమాయన విసుక్కున్నాడు. "ఏంది సారూ గంత పరేషానయితున్నవ్? అన్ని తీస్కపో. జాగన్న ఖాళీ అయితది."

కుప్పంతా వెతికింది ఇంటావిడే. ఆవిడకి చదువు రాదు, రికార్డు మధ్యలో ఏం రాసి ఉందో తెలియదు. ఒక్కొక్కటీ తీసి నాకిస్తే నేను చదివేదాన్ని. చేతులు నల్లబడ్డాయి. చివరికి ఆ భజనల రికార్డు దొరికింది. అంచు కాస్త విరిగి ఉంది. మీద టీ గ్లాసు పెట్టినట్టు గుండ్రటి మరక.

దుకాణమాయన దగ్గరున్న రికార్డులు వేసే యంత్రం మైకు గొట్టానికే కలిపి ఉంది, విడిగా స్పీకరు లేదు. "బజార్ల ఇనవడ్తది మరి" అన్నాడు. "ఇనవడని" అంది ఇంటావిడ.

మొదట చిటపట చప్పుడు, బాణలిలో ఆవాలు వేసినట్టు. తర్వాత చిరుతల దరువు. ఆ వెనక మగగొంతులు, అన్నీ కలిసి. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఆవిడ నుదురు ముడిచి వింటోంది. "గిది కాదు... గిది గూడ కాదు..." అని తనలో తనే అనుకుంటోంది. అంతమందిలో తండ్రి గొంతు ఏదో తెలియడం లేదు. నాకు భయం వేసింది. ఇంత చేసి, ఇంతదూరం వచ్చి, గుర్తు పట్టలేకపోతే?

ఒక చరణం అయింది. అందరూ ఊపిరి తీసుకుని మళ్లీ అందుకోవాలి. అందరికంటే అర క్షణం ముందు ఒక గొంతు, ఒక్కటే, ఎత్తుకుంది. తర్వాత మిగిలినవాళ్లు వచ్చి కలిశారు.

ఆవిడ పకాలున నవ్వింది. "ఇగో! ఇగో మా బాపు! ఎప్పుడు గిట్లనే, ముందుగాల్నె అందుకుంటుండె. అమ్మ తిడ్తుండె, నీకేం తొందరయ్యా, నలుగురితోటి పాడరాదు అని." నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. అదే చోట ముల్లు గీతలో ఇరుక్కుపోయి, ఆ ముందుగా అందుకున్న మాటే మళ్లీ మళ్లీ వచ్చింది. దుకాణమాయన వేలితో నెట్టబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, "ఉండనియ్యి జర" అంది.

మా ఆయన పక్కకి తిరిగి నిలబడ్డారు. ఆయన కళ్లు కూడా తడిసి ఉంటాయని నేననుకున్నాను. బస్సులో మాత్రం నా చెవిలో, "ఆ అంచు విరక్కుండా ఉంటే ఎంత బాగుండేది" అన్నారు. ఆ మనిషిని ఏమనాలి?

అయినా ఒక మంచిపని చేశారు. రెండు రోజులు బీరువా చుట్టూ తిరిగి తిరిగి, ఆ భజన బృందం కవరుని తీసుకెళ్లి ఇంటావిడకిచ్చి, కందుకూరు నుంచి తెచ్చుకున్న రికార్డు అందులో పెట్టుకోమన్నారు. ఉచ్చారణ పాఠాల్ని తెల్ల కాగితంలో చుట్టి దాచుకున్నారు. ఆవిడ పనులన్నీ అయ్యాక ఆ రికార్డు పట్టుకుని మేడెక్కి వచ్చేది. ఒకవైపే వినేది. "రెండో దిక్కు బాపు లేడు" అనేది, ఆయన ముందుగా అందుకోవడం ఆ వైపు ఎక్కడా వినబడదని.

ఇక ఆయన బతుకు దుర్భరమైంది. మిగతావాటిలో ఏముందో అన్న అనుమానం పట్టుకుంది. రికార్డుని లైటుకి అడ్డంగా పెట్టి చూసేవారు, తట్టి చూసేవారు. ఉండబట్టలేక ఒకటి విప్పారు. అందులో ఉండాల్సిందే ఉంది. అనవసరంగా విప్పానే అని రెండు రోజులు సరిగా తిండి తినలేదు. ఇంకొకటి విప్పితే, ప్లాస్టిక్ ఎండకి బిగుసుకుని రికార్డు అప్పడంలా వంగిపోయి ఉంది. విప్పకపోతే అలా అవుతుందని కొన్నాళ్లు, విప్పితే దుమ్ము పడుతుందని కొన్నాళ్లు. ఏ వైపు వాదించినా నాతోనే.

ఆ దశాబ్దం చివర్లో నెల్లూరు వైపు బదిలీ అయింది. సామాను కడుతుంటే నా రికార్డ్ ప్లేయర్‌ని తీసుకెళ్లి ఇంటావిడ వరండాలో పెట్టాను. వద్దు చెల్లె అంటూనే తీసుకుంది. లారీ కదిలాక ఈయనకి విషయం తెలిసింది.

"మరి మనం ఎలా వింటాం?" అన్నారు.

"మీరెలాగూ వినరుగా" అన్నాను.

కొత్త ఊళ్లో ఏడాదికి పైగా గడిచాక, ఆయనే ఎక్కడినుంచో పాత ప్లేయర్ ఒకటి కొనుక్కొచ్చి, బాగుచేయించి, బల్ల మీద పెట్టారు. బీరువా తలుపులు రెండూ తెరిచి, "ఏది విప్పమంటావో చెప్పు" అన్నారు. పెళ్లైన ఇన్నేళ్లకి మొదటిసారి నన్నడిగారు. నేను చాలాసేపు చూసి, ఎప్పటినుంచో వినాలనుకుంటున్న వీణ కచేరీ రికార్డు ఒకటి చూపించాను.

ఆయన దాన్ని సగం బయటికి లాగి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ లోపలికి తోసేశారు.

"అది మాత్రం వద్దు. ఇంకోటి చెప్పు" అన్నారు.