ఏడో నంబరు విమానానికి నారతాళ్ళు

మా తాతకు కట్టని వస్తువంటే నమ్మకం లేదు. నీళ్ళ డ్రమ్ముకు తాడు, గేటుకు తాడు, మంచం కింద పెట్టెకు తాడు. ఇంటికి వచ్చిన చుట్టాలు తిరిగి బయల్దేరుతుంటే, వాళ్ళు అడక్కపోయినా సూట్‌కేసులకు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి బిగించి పంపేవాడు. ఇల్లు చేరిన చుట్టాలు ఆ ముడి ఊడదీయలేక కత్తెర వెతుక్కుని, ఆ కోపమంతా అమ్మమ్మకు ఫోన్ చేసి తీర్చుకునేవారు. తాత దాన్ని మెప్పు కిందే జమ వేసుకునేవాడు.

ఆయన ఉద్యోగమూ కట్టడమే. విమానాలు కట్టేవాడు.

విమానం లేస్తుంటే నోరు తెరుచుకుని చూసేవాళ్ళు బోలెడుమంది. దిగాక దాన్ని ఏం చేస్తారని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఆ అడగని పనే తాత ఇరవై ఎనిమిదేళ్ళు చేశాడు. అది ఊరి చివర ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళ చిన్న మైదానం. పన్నెండు బుల్లి విమానాలు. రేకుల షెడ్డులో మూడే పడతాయి కాబట్టి మరమ్మతులో ఉన్నవాటికే ఆ భాగ్యం, మిగిలినవన్నీ ఆరుబయటే. సాయంత్రమయ్యేసరికి ఒక్కోదాన్ని గాలికి ఎదురుగా తిప్పి నిలబెట్టాలి. చక్రాలకు ముందొకటి, వెనకొకటి చెక్కదిమ్మలు పెట్టాలి. రెక్కల కింద, తోక కింద నేలలో దిగేసిన ఇనప రింగులుంటాయి, వాటికి తాళ్ళు కట్టాలి. లోపల నడిపే కర్రను సీటు బెల్టుతో బంధించాలి, లేకపోతే గాలికి తోకరేకులు టపటపా కొట్టుకుని ఊడి చేతికొస్తాయి. రెక్క ముందు వేలంత గొట్టం ఒకటుంటుంది, వేగం చెప్పేది అదే. దానికి ఎర్రగుడ్డ తొడగాలి. మరిచిపోతే తెల్లారేసరికి కందిరీగ అందులో కాపురం పెట్టేస్తుంది.

పన్నెండూ తాత పిల్లలే. అయినా ఏ తండ్రికైనా ఒక బిడ్డ మీద ప్రాణం ఎక్కువ ఉంటుంది కదా. తాతకు ఆ బిడ్డ ఏడో నంబరు చోటులో ఉండే పసుపురంగు విమానం. అది కళ్ళ డాక్టరమ్మది. వారానికి రెండు సార్లు ఆమె దాన్ని వేసుకుని దూరపు పల్లెలకు వెళ్ళి, కళ్ళు చూసి వచ్చేది. దిగగానే తాళంచెవి తాత చేతిలో పెట్టి, "నీదే భారం బాబాయ్" అనేది. ఆ మాట కోసం తాత జ్వరంలో కూడా పనికి వెళ్ళాడు.

"మాకు పెళ్ళయినప్పుడు నా వంక ఇలా చూడలేదు కదా ఈయన, దాని రెక్క తుడిచేటప్పుడు చూడాలి ఆ మొహం" అనేది అమ్మమ్మ. "సవతి పోరు పడొచ్చు గానీ, రెక్కలున్న సవతితో ఎలా వేగను?"

అలాంటి కాపురంలోకి ఈలాయన దిగాడు.

అసలు పేరు ఆయనకూ ఉండే ఉంటుంది. తాత ఆ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. పెద్ద విమానాశ్రయంలో పాతికేళ్ళు చేసి, ఆ పట్నం పొగ పడక ఇటు వచ్చినవాడు. మెరిసే చారల కోటు, చేతులకు తొడుగులు, మెడలో ఈల. తాత కంటే పదేళ్ళు చిన్న, రెండడుగుల దూరం నుంచి సబ్బు వాసన. వచ్చిన రోజే క్లబ్బు సెక్రటరీ షెడ్డు ముందు నిలబడి, "పెద్దాయనా, ఇక నీ నడుముకు కాస్త విశ్రాంతి. ఒకటి నుంచి ఆరు నీవి, ఏడు నుంచి పన్నెండు ఈయనవి" అని గీత గీసి వెళ్ళిపోయాడు.

ఆరు దగ్గర గీసిన గీత ఏడు దాటాక గీస్తే సెక్రటరీ సొమ్మేం పోయింది? తాత ఆ మాట ఇంట్లో నలభై సార్లు అడిగాడు. మైదానంలో ఒక్కసారీ అడగలేదు.

ఆ రోజు నుంచి తాత కట్టేది ఆరింటిని, చూసేది ఏడోదాన్ని. ఈలాయన ఎక్కడ తప్పు చేస్తాడా అని కాపు కాశాడు. దిమ్మలు సరిగానే పెట్టాడు. ఎర్రగుడ్డ మరిచిపోలేదు. రెక్క మీద పిట్ట రెట్ట పడితే తాత కంటే ముందే తుడిచాడు. పోనీ బీడీ కాలుస్తాడా అంటే అదీ లేదు. తప్పు దొరక్కపోవడమే తాతకు అసలు జబ్బయింది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు ఆ నెలంతా ఇంట్లో చెంబులు ఎగిరాయి.

పుండు మీద కారం ఒకనాడు పడింది. డాక్టరమ్మ రెక్క తాడును వేలితో మీటి చూసింది. ఈలాయన తనవెంట తెచ్చుకున్న నైలాన్ తాడు అది. టంగుమంది.

"అబ్బ, ఏం బిగువు! ఇంచి కదల్లేదే! భలే కట్టావు తమ్ముడూ" అంది.

తాత ఆరో నంబరు తోక పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఆ పూట ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే మొదలెట్టాడు. "ఇరవై ఏళ్ళు కడితే నేను బాబాయినయ్యాను. వాడు ఇరవై రోజుల్లో తమ్ముడా?"

"అయితే మీకు వరసకి కొడుకేగా" అంది అమ్మమ్మ. "భోజనానికి పిలవండి."

"ఏకై వచ్చి మేకై కూర్చున్నాడే వాడు!"

"మేకుకి కూడా ఒక తాడు కట్టి రండి, తీరిపోతుంది."

ఇది జరిగిన కొన్నాళ్ళకు ఈలాయన నైలాన్ తాళ్ళు ఎండకు పొట్టు రేగి, పీచుపీచుగా లేచిపోయాయి. కొత్తవి తెప్పించేదాకా స్టోరులో ఉన్న నారతాళ్ళు వాడమన్నాడు సెక్రటరీ. స్టోరు తాళం తాత దగ్గరే ఉంది. తాత పనిలో చేరిన దగ్గర్నుంచీ కట్టింది నారతాళ్ళతోనే. ఈలాయన నారతాడు చేత్తో పట్టిందే లేదు.

నారతాడుకూ నైలాన్‌కూ గుణం పూర్తిగా తిరగబడి ఉంటుంది. నైలాన్ తడిస్తే సాగుతుంది, కాబట్టి ఎంత బిగిస్తే అంత మేలు. నారతాడు తడిస్తే లావెక్కి పొట్టిదవుతుంది. అందుకని కట్టేటప్పుడే రెండు వేళ్ళు దూరేంత వదులు ఉంచాలి. ఉంచలేదో, వాన పడ్డాక తాడే రెక్కను పట్టుకుని కిందికి గుంజుతుంది. రెక్కకు కింద ఊతంగా ఉండే కడ్డీ వంగిపోతుంది. వంగిన కడ్డీతో విమానం నెలల తరబడి నేల మీదే.

పొద్దున్నే ఈలాయన వచ్చి తాళ్ళు అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పెద్దాయనా, ఇవి నాకు కొత్త. కట్టేటప్పుడు చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?"

మర్యాదగానే అడిగాడు. తాతకు ఆ మర్యాద కూడా కుట్టింది.

"పెద్ద విమానాశ్రయం వాళ్ళకు మేం చెప్పేదేముంది బాబూ? తాడు తాడే."

ఈలాయన వెళ్ళి తనకు తెలిసిన పద్ధతిలో, రెండు కాళ్ళూ తన్నిపెట్టి మరీ బిగించాడు. తాత స్టోరు గుమ్మంలోంచి అంతా చూశాడు. ఏడో నంబరు తాళ్ళు తీగల్లా నిలబడ్డాయి. తాత స్టోరు తలుపు మూసి, ఒకటికి రెండు సార్లు తాళం లాగి చూసుకుని, భోజనానికి ఇంటికి బయల్దేరాడు. అప్పటికి పడమట ఒక నల్లమబ్బు పైకి లేస్తోంది.

ఆ మధ్యాహ్నం తాత కంచం ముందు కూర్చున్న తీరే వేరు. రెండోసారి అన్నం అడిగాడు. కూర బాగుందన్నాడు. అమ్మమ్మ గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"ఎవరి కొంప మునుగుతోందని ఇంత ఆకలి?"

"ఏం లేదు. వాన వచ్చేట్టుంది."

"వానొస్తే రైతు నవ్వాలి. మీరెందుకు నవ్వుతున్నారు?"

దాచుకోవడం తాతకు చేతకాదు. ముడి వేసినంత బాగా నోరు కట్టెయ్యలేడు. చెప్పేశాడు. రేపు డాక్టరమ్మ వచ్చి కడ్డీ చూస్తుందనీ, తమ్ముడి పనితనం అప్పుడు తెలుస్తుందనీ, ఏడో నంబరు మళ్ళీ బాబాయి చేతికే వస్తుందనీ, రేపటిదంతా కళ్ళకు కట్టినట్టు చెప్పాడు.

అమ్మమ్మ అంతా విని, కంచంలో మజ్జిగ పోస్తూ ఒక్కటే అడిగింది. "వంగేది వాడి నడుమా, దాని కడ్డీనా?"

తాత చెయ్యి మజ్జిగలోనే ఉండిపోయింది. రేకుల మీద మొదటి చినుకు టప్పున పడింది. ఆ తర్వాత రెండు, ఆ తర్వాత లెక్కలేదు. కంచం అలాగే వదిలేసి, ఎంగిలి చేత్తోనే సైకిలెక్కాడు.

మైదానానికి చేరేసరికి ఒళ్ళంతా నీళ్ళు. వాలుగా గాలి. ఏడో నంబరు తాళ్ళు అప్పటికే తడిసి ఉబ్బాయి. రెక్కల కొసలు రెండూ కిందికి లాగినట్టు కనిపిస్తున్నాయి. తాత కుడిరెక్క కింద మోకాళ్ళ మీద కూలబడి ముడి పట్టుకున్నాడు. కదల్లేదు. పళ్ళతో పట్టాడు. అప్పటికీ కదల్లేదు. ఆ కంగారులో కూడా ఆయన కడుపు మండింది: ఛీ, మంచి ముడే వేశాడు వెధవ!

షెడ్డులోంచి ఈల వినబడింది. ఈలాయన వానలోకి పరిగెత్తుకొచ్చి తాత చెయ్యి పట్టుకుని లాగేశాడు.

"ఏం చేస్తున్నావు? గాలి కొడుతుంటే తాడు విప్పుతావా? బుద్ధుందా నీకు?"

"వదులయ్యా చెయ్యి!"

"వదలను. నా మీద నీకు కుళ్ళని ఈ మైదానంలో గడ్డికి కూడా తెలుసు. కానీ ఇంతకి తెగిస్తావనుకోలేదు."

"ఉంది, కుళ్ళుంది. కాదన్నానా? దాని సంగతి తర్వాత తిడుదువు గాని. ముందు తాడు పట్టి చూడు."

ఈలాయన పట్టి చూశాడు. తాడు ఇనపకమ్మీలా ఉంది. పైకి చూశాడు. రెక్క కడ్డీ కిర్రుమని మూలిగింది.

"నారతాడయ్యా అది. తడిస్తే బిగుస్తుంది. వదులుంచి కట్టాలి."

"పొద్దున నేను అడిగాను కదా!"

"అడిగావు."

"మరి చెప్పలేదే?"

"చెప్పలేదు. కావాలనే చెప్పలేదు."

ఈలాయన తాడు వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. మొహం మీంచి వాన కారిపోతోంది.

"అలా నిలబడితే తాడు ఆగుతుందా?" అని అరిచాడు తాత. "ఎడమవైపుకి వెళ్ళు. ఒక్క పక్కే వదిలితే రెండోపక్క లాగేస్తుంది. ఇద్దరం ఒక్కసారే వదలాలి. రింగు దగ్గర నుంచి తియ్యి, పై ముడి జోలికి పోకు. మూడు అంటాను. ఒకటి, రెండు..."

మూడుకి రెండు తాళ్ళూ జర్రున జారాయి. రెక్కలు ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచాయి. వెంటనే రెండు వేళ్ళ వదులు ఉంచి మళ్ళీ కట్టారు. తర్వాత తోక. తర్వాత ఎనిమిది నుంచి పన్నెండు దాకా మిగిలినవి కూడా. ఒక్కదానికీ కడ్డీ వంగలేదు. తాత ఇంటికొచ్చి ముక్కు తుడుచుకుంటూ ముసుగుతన్ని పడుకున్నాడు. నిద్ర మాత్రం పట్టలేదు. రేపు వాడు చెప్పేస్తాడు. చెప్పకుండా ఎందుకుంటాడు? తనైతే ఊరంతా దండోరా వేయించి ఉండేవాడు.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. తాడు మీటబోతే వేలికి ఊగింది.

"ఏంటి తమ్ముడూ, ఇంత వదులుగా ఉంది?"

ఆరో నంబరు వెనక తాత దిమ్మ సర్దుతున్నట్టు వంగాడు.

"నారతాడమ్మా. వదులుండాలి" అన్నాడు ఈలాయన. "నాకు తెలీదు. పెద్దాయన చెప్పాడు. నిన్న ఆయన వానలో పరిగెత్తుకొచ్చి ఉండకపోతే మీ విమానం ఇవాళ లేచేది కాదు."

డాక్టరమ్మ ఆరో నంబరు వైపు తిరిగి, "బాబాయ్!" అంది. ఎంత తియ్యగా అంది! నెల రోజులుగా తాత చెవులు కాచుకుని ఉన్నది ఆ పిలుపు కోసమే. అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. ఏడో నంబరు ఆ పూటే తిరిగొచ్చేది.

ఊరుకోలేకపోయాడు. మంచితనం పొంగి కాదు, అలా అంటే ఆయనే ఒప్పుకోడు. ముడి వెయ్యడంలో వాడే, ఈల వెయ్యడంలో వాడే, ఆఖరికి పెద్దమనసులో కూడా వాడే ముందుంటే ఇక తనకు మిగిలిందేమిటి?

"వాడు సగమే చెప్పాడమ్మా" అన్నాడు తాత ముందుకొచ్చి. "నిన్న పొద్దున అడిగితే నేను చెప్పలేదు. తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకుని, అన్నానికి పోయాను. నీ విమానం విరిగితే మళ్ళీ నా చేతికి ఇస్తావనుకున్నాను."

డాక్టరమ్మ చాలాసేపు ఆయన వంకే చూసింది. కళ్ళ డాక్టరు కదా, ఆ చూపు తప్పించుకోవడం కష్టం.

"దీంట్లో నేను కూర్చుంటాను బాబాయ్" అంది చివరికి.

"తెలుసు తల్లీ."

"ఇకమీదట తమ్ముడే కడతాడు."

"సరే."

తాళంచెవి ఈలాయన చేతిలో పెట్టకముందే, ఇంజను వేడెక్కకముందే, ఏడో నంబరు శాశ్వతంగా తాత చేతిలోంచి పోయింది. ఆమె విమానం గాల్లోకి లేచింది. పసుపు చుక్క మబ్బులో కలిసేదాకా ఇద్దరూ తలెత్తి నిలబడ్డారు.

"నేను కప్పిపుచ్చాను కదా. నువ్వెందుకు నోరు తెరిచావు?" అన్నాడు ఈలాయన.

"నువ్వు కప్పిపుచ్చితే బతికినన్నాళ్ళూ నీ ముందు తల వంచుకోవాలి. నా వల్ల కాదు."

ఈలాయన పగలబడి నవ్వాడు. వచ్చిన నెలరోజుల్లో అదే మొదటిసారి. "ఎంత కుళ్ళయ్యా నీకు!"

"నీకేం తెలుసు, ఇది సగమే" అన్నాడు తాత.

సాయంత్రం డాక్టరమ్మ తిరిగొచ్చి వెళ్ళాక గాలి దిక్కు మార్చుకుంది. బయట ఉన్నవాటినన్నిటినీ మళ్ళీ గాలికి ఎదురుగా తిప్పాల్సి వచ్చింది. తాత తనవన్నీ ముందే తిప్పేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఈలాయన ఇంకా సగంలోనే ఉన్నాడని కళ్ళారా చూసి తృప్తిపడ్డాడు. తర్వాత చిన్నగా నడిచి వెళ్ళి, ఎవరూ పిలవకుండానే ఏడో నంబరు తోక పట్టుకున్నాడు. ఈలాయన కాదనలేదు. చక్రాల దిమ్మలు తీసి, "ఊఁ, తిప్పు" అన్నాడు.