పసుపు రాసిన సమ్మె నోటీసు

ఆ రోజుల్లో లోకాన్ని బాగుచెయ్యడానికి ఒక్క శుక్రవారం చాలుననుకునేదాన్ని. పంతొమ్మిదేళ్ల వయసులో అంతకన్నా ఎక్కువ గడువు ఇవ్వడం దండగనిపిస్తుంది. అప్పటికి నా లోకమంతా బర్మాలో, పబేడాన్ పేటలో మా మేనత్త టిఫిను కొట్టే. తెల్లారి ఐదింటికి తెరిస్తే రాత్రి ఎనిమిదికి మూత. దోసెలు నావి, గారెలు గారెల పిన్నివి (ఆవిడ అసలు పేరు ఆవిడ మొగుడికైనా గుర్తుందో లేదో), మిగతా అన్నీ అత్తవి. నా ప్రాణం మాత్రం అదే ఊళ్లో ఇంకో పేట తామ్వేలో, సాయంత్రం ఇంగ్లీషు క్లాసులో ఉండేది. అక్కడి సయామ (ఇక్కడ పంతులమ్మని అలాగే అంటాం) ఓ పాత అమెరికా చరిత్ర పుస్తకం పట్టుకుని ఇంగ్లీషు నేర్పేది. దోసెల రద్దీ వల్ల నేను సగం క్లాసులు ఎగ్గొట్టేదాన్ని. ఇంకొక్కసారి రాకపోతే పేరు కొట్టేస్తానని ఆవిడ తేల్చేసింది. ఆ క్లాసు కూడా పోతే నా బతుకు పెనం ముందే తెల్లారిపోతుందని నాకు చెడ్డ భయంగా ఉండేది.

సరిగ్గా అప్పుడే సయామ నూలు మిల్లుల పాఠం చెప్పింది. అమెరికాలో మిల్లులు కొత్తగా వెలిసిన కాలంలో రైతుల ఆడపిల్లలు గంట మోగితే పనిలోకి వెళ్లి, చీకటి పడ్డాక ఇంకో గంట మోగితే బయటికి వచ్చేవారట. పుస్తకాల కాగితాలు చింపి మగ్గాల దగ్గర అంటించుకుని చదువుకునేవారట. చివరికి రోజుకి పది గంటల పని చాలని అర్జీలు రాసి, పాడుకుంటూ వీధిలోకి వచ్చేశారట. ఆ కాలమే అలాంటిదట. బానిసత్వం పోవాలని ఒకరు, సారా మానాలని ఒకరు, ఆడవాళ్లకి ఓటు కావాలని ఇంకొకరు. ఒకాయనైతే మాంసం, టీ మానేసి తవుడు రొట్టె తింటే లోకం బాగుపడుతుందన్నాడట. (టీ దగ్గర మా క్లాసు క్లాసంతా ఆయన్ని వదిలేసింది.) నాకు ఒళ్లు పులకరించిపోయింది. మర్నాడే ఇంగ్లీషు క్రియాపదాల కాగితం పెనం వెనక గోడకి అంటించాను. మధ్యాహ్నానికల్లా అది నూనెకి తడిసి భూత భవిష్యద్వర్తమానాలు మూడూ ఏకమైపోయాయి.

ఇక ఓ శుక్రవారం నేనూ అర్జీ రాశాను. ఆదివారాలు గుడి దగ్గర నేర్చుకున్న తెలుగంతా అందులో కుమ్మరించాను. అత్తకి తెలుగు మాటే గానీ అక్షరం రాదని, చదివితే బర్మా అక్షరాలే చదువుతుందని ఉద్యమ నాయకురాలికి తట్టనే లేదు. ఆ కాగితం చూసి గారెల పిన్ని గుండెలు బాదుకుంది. "ఒలమ్మ! పసుపెట్టని కాయితం సేతికిస్తావేటే? సావు కబురనుకోదా మీ అత్త!" నాలుగు మూలలా పసుపు రాసి, తమలపాకులు, అరటిపళ్లు పెట్టి పళ్లెంలో సర్దింది. పుస్తకంలో బొమ్మలోని మిల్లు పిల్లల్లా కనపడాలని నేను ఇద్దరి జడలకీ నీలం రిబ్బన్లు కట్టాను. అలా బయల్దేరింది మా విప్లవం, తాంబూలంతో సహా.

అత్త కాగితం కళ్లకద్దుకుని అమ్మవారి పటం ముందు పెట్టేసింది. "ఎవుల పెళ్లే, గుంటా?" అని నా వైపు తిరిగి, రిబ్బను చూసింది, భయంతో ముక్కు చీదుతున్న పిన్నిని చూసింది, తనంతట తనే ఓ నిర్ణయానికి వచ్చేసింది. "నీదేనా! మాటైనా సెప్పనేదేటే!" అని నన్ను వాటేసుకుని ఏడ్చింది. పది నిమిషాల్లో పక్క గాజుల కొట్టూ ఎదురు మసాలా కొట్టూ మా కొట్లోనే ఉన్నాయి. "కుర్రోడేటి సేస్తాడు?" "మనోడేనా, బర్మావోడా?" రోజూ టీకి వచ్చే ముసలి బర్మా ఆయన, ఊ గారు (ఇక్కడ పెద్దవాళ్లని ‘ఊ’ అనే పిలుస్తారు), లేచి నిలబడి నన్ను దీవించాడు, నేను దండం కూడా పెట్టాను. సమ్మె చేద్దామని వచ్చి పెళ్లికూతుర్నై కూర్చున్నాను.

ఇక లాభం లేదని స్టూలెక్కాను. "ఇది పెళ్లి కాదు, సమ్మె!" అని అరిచి, పటం ముందున్న అర్జీ లాక్కుని చదివేశాను. "అమెరికా నూలు మిల్లుల అక్కచెల్లెళ్ల అడుగుజాడల్లో, దోసెల, గారెల కార్మికులమైన మేము..." పది గంటలే పని, మూడింటికి మూత అని ముగించాను. అట్లకాడ ఎప్పుడు లేస్తుందా అని నేను ఓ కన్ను అత్త చేతి మీదే వేసి ఉంచాను. అత్త మెల్లిగా అడిగింది.

"మరి గంటకొట్టీసినాక ఏటి సేసీవోరే ఆ గుంటలు?"

"సదుంకునీవోరు అత్తా. పాడుకునీవోరు. ఊరికినే నడిసీవోరు."

"ఊరికినేనా?"

"ఊరికినే."

అత్త నడుముకి కట్టుకున్న తువ్వాలు విప్పి బల్ల మీద పెట్టింది. నా చేతిలోంచి అర్జీ తీసుకుని అడుగున బర్మా అక్షరాల్లో సంతకం పెట్టేసింది. "అత్తా, సమ్మె నీ మీదే కదా!" అన్నాను కంగారుగా. "అయితే ఏటి? మీకంటే ముందొచ్చి, మీకంటే ఎనకెల్తాను. నాకు నేదేటే సాయంత్రం?"

మూడింటికి కొట్టు కట్టేశాం. ఊ గారు కప్పు చేతిలో పట్టుకుని పేవ్‌మెంటు మీద మిగిలిపోయాడు. ముగ్గురం ఏటి పక్కనున్న బోటాటౌంగ్ దాకా నడిచాం. సమ్మె పాట పాడమంటే పిన్ని తనకొచ్చిన ఒకే ఒక్క పాట, జోలపాట, ఎత్తుకుంది. ఏటి ఒడ్డున కూర్చున్నాక అత్త చేతులు ఒళ్లో పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. "ఈ ఊర్లోనే పుట్టినాను. ఏరు సూసి ఎన్నేళ్లయినాదో," అంది. నాకు క్లాసు వేళవుతోంది. లేవబోతే చెయ్యి పట్టుకుంది. "కాసేపు కూకోవే. కాళీగా ఎలాగుండాలో తెలీట్నేదు."

కూర్చుండిపోయాను. క్లాసులో పేరు కొట్టేశారు కూడా. (మర్నాడు వెళ్లి నా వంకర ఇంగ్లీషులో ఈ కథంతా చెబితే సయామ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని మళ్లీ రాసుకుంది.) ఇప్పుడు నాకు అప్పటి అత్త వయసు వచ్చింది. ఆ రిబ్బను పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. సముద్రాల అవతల ఎప్పటి ఆడపిల్లల అలసటో దానికి అర్థమైంది గానీ, పక్కనే పదిహేను గంటలు నిలబడిన మనిషి అలసట కనిపించలేదు. ఆ సాయంత్రం చీకటి పడుతుండగా అత్త నా వైపు తిరిగి, సెలవు అడిగే పనిమనిషిలా బెరుగ్గా అడిగింది: "రేపు కూడా సమ్మే కదేటే?"

నేను నాయకురాలిని కదా, పెద్ద మనసు చేసుకుని ఒప్పుకున్నాను.