ఇస్త్రీ అక్క కొనని యంత్రం

ఆ వీధిలో అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. ఆరుగురు పనివాళ్లున్న లాండ్రీ ఆమెది. ఆసుపత్రి దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు మోపులుగా వచ్చిపడుతుంటే పని తెమలడం లేదని ఒక కన్సల్టెంట్‌ను పిలిపించింది. అతను మూడు రోజులు గడియారం చేతపట్టుకుని గదులన్నీ తిరిగాడు. ఆలస్యమంతా చేత్తో ఇస్త్రీ చేసే చోటేనని తేల్చాడు. ఆవిరి ప్రెస్సు కొనమని, దాన్ని ఏ గోడవారన పెట్టాలో కూడా గీసిచ్చి వెళ్లాడు.

సలహాకు వంక పెట్టడానికి లేదు. ఏడాది గడిచినా ఆమె మాత్రం కొనలేదు.

తనకు పట్టుదల చాలదేమోనని ఒక కోచ్ దగ్గరికి వెళ్లింది. ఫలానాది చెయ్యమని ఆవిడ ఎప్పుడూ చెప్పేది కాదు, అడిగేది. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, అడ్డమేమిటి? జవాబులూ గడువులూ ఇస్త్రీ అక్కవే. మూడుసార్లు గడువు పెట్టుకుంది, మూడుసార్లూ ఏదో సాకు దొరికింది.

నాలుగోసారి కోచ్ పుస్తకం మూసేసింది.

"ఒక్కసారి మీ చేతులు చూసుకోండి."

చూసుకుంది. రెండు అరచేతులూ చంకల్లో దూరి ఉన్నాయి. ఎప్పుడు దాచుకుందో తనకే తెలియదు.

"ప్రెస్సు మాట వచ్చినప్పుడల్లా మీ చేతులు ఇలాగే దాక్కుంటున్నాయండీ. ఇది నా పని కాదు. సైకోథెరపిస్ట్ నంబరు ఇస్తాను."

"నాకు పిచ్చనుకుంటున్నారా?"

"లేదు. ఎక్కడో దెబ్బ తగిలిందనుకుంటున్నాను."

ఇస్త్రీ అక్క వారం రోజులు ఆ నంబరు కొంగున ముడేసుకుని తిరిగి, చివరికి థెరపిస్ట్ దగ్గరికి వెళ్లింది.

థెరపిస్ట్ సలహా ఇవ్వలేదు, గడువూ పెట్టలేదు. ఆమె నోరు తెరిచేదాకా ఆగాడు. మూడో వారం బయటపడింది. నాలుగేళ్ల కిందట, లాండ్రీలోనే పనిచేసే తోడికోడలు పాత ఆవిరి యంత్రం దగ్గర ఉంటే, తను గుమ్మంలోంచి తొందరగా కానిమ్మని కేక వేసింది. మరుక్షణం మూత తెరుచుకుని తోడికోడలి చేతులు మోచేతులదాకా కాలిపోయాయి. ఆ యంత్రాన్ని పాత ఇనుము కింద వదిలించుకుంది. ఆ సంగతి మరిచిపోయాననే అనుకుంది. ఇప్పుడు చెబుతుంటే అరచేతులు మళ్లీ చంకల్లోకి దూరాయి.

నెలల తరబడి థెరపిస్ట్ దగ్గరికి వెళ్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం, దుప్పట్లు మడతపెడుతున్న తోడికోడలిని అడిగేసింది.

"ఆ రోజు నేను తొందరపెట్టబట్టే కదా నీకలా అయింది?"

తోడికోడలు తెల్లబోయి చూసింది.

"నువ్వు కేకేశావా అక్కా? ఆ మోతలో నాకేం వినపడుతుంది? టైము చూసుకోకుండా, ఆవిరి తగ్గకముందే నేనే మూత తీశాను. తిడతావని నీకు చెప్పలేదు."

ఇస్త్రీ అక్క మోపు మీద కూలబడింది. నాలుగేళ్లుగా మోసింది ఎవరికీ వినపడని మాటనా? తోడికోడలు కంగారుగా వచ్చి పక్కన కూర్చుంది.

ఆ తర్వాత ఆరు నెలలకు ప్రెస్సు వచ్చింది. దాన్ని నడిపేది తోడికోడలే. ఆవిరి బుస్సుమంటే ఇస్త్రీ అక్క ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది, కానీ గది వదిలి వెళ్లదు.